దొడ్డయ్య గారి కారు మోత

ఆ రోజుల్లో, అంటే యుద్ధం నడుస్తూ పెట్రోలు కూపన్ల మీద దొరికే రోజుల్లో, మా పల్నాట మోటారు కారు ఎక్కినవాళ్ళు తక్కువ, విన్నవాళ్ళు ఎక్కువ. కారు ఇంకా అరమైలు దూరంలో ఉండగానే అది ఎవరిదో చెప్పగలిగిన వాళ్ళు ఊరికి ఇద్దరు ముగ్గురుండేవారు. వాళ్ళందరి కంటే నేను గొప్పవాణ్ణని నాకు గట్టి నమ్మకం. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. బెజవాడలో ఒక వర్కుషాపులో రెండేళ్ళు పనిచేసి, ఖాకీ కోటొకటి కుట్టించుకుని, దాని పైజేబులో ఫౌంటెన్ పెన్ను పెట్టుకోవలసిన చోట చిన్న స్పానరొకటి పెట్టుకుని నరసరావుపేటలో దిగాను. (ఆ స్పానరుతో విప్పగలిగిన బోల్టు ఏ కారులోనూ లేదు. చూపులకి బాగుంటుందని పెట్టుకున్నాను.) పేటలో ఒక ముసలి సాయిబు గారి షెడ్డులో పని దొరికింది. ఆయన్ని ఊరంతా ఉస్తాద్ అనేవారు, నేనూ అంతే. ఇంజను స్టార్టు చేసి, పెద్ద స్క్రూడ్రైవరు మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని రోగం చెప్పేవాణ్ణి. కళ్ళు మూసుకోవాల్సిన అవసరం లేదు గాని, మూసుకుంటే చూసేవాళ్ళకి భక్తి కలిగేది.

ఒక్క సంగతి మాత్రం పేటలో ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. నకరికల్లు అవతల, కారంపూడి పోయే రోడ్డు పక్కనే ఉన్న మా పల్లెలో మా నాయన కమ్మరి. నాగటి కర్రులు, కొడవళ్ళు, బండి ఇరుసులు చేస్తాడు. మా తాతా అదే చేశాడు. చుట్టుపక్కల పాతిక ఊళ్ళకి మా కొలిమి తెలుసు. కానీ 'మీ నాయన ఏం చేస్తాడు' అని పేటలో ఎవరైనా అడిగితే 'ఇనుము వ్యాపారం' అనేవాణ్ణి. అబద్ధం కాదు, నిజమూ కాదు. రిపేరయిన కార్లు అప్పజెప్పడానికి ఆ రోడ్డు మీదే పోతూ, కొలిమి ముందుకు రాగానే పెద్ద పనున్నవాడిలా ముందుకే చూస్తూ వేగం పెంచేవాణ్ణి. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, అప్పుడు మాత్రం అది హోదా అనుకున్నాను.

కారంపూడి దగ్గర ఒక ఊళ్ళో దొడ్డయ్య గారని పెద్ద రైతు ఉండేవారు. మిరప, పొగాకు వేసేవారు, ఆరు జతల ఎద్దులుండేవి. ఎవరో జమీందారు వాడి వదిలేసిన కారుని గుంటూరు ప్లీడరొకాయన కొన్నాడు, ఆయన వాడి వదిలేసిన దాన్ని దొడ్డయ్య గారు కొన్నారు. గురజాలలో ఆయన పినతల్లి మనవడి పెళ్ళి. వచ్చే శుక్రవారం ముసలి తల్లిని కారులో కూర్చోబెట్టుకుని పెళ్ళి పందిరి ముందు దిగాలని ఆయన కోరిక. దానికోసం కారు మా షెడ్డుకి పంపారు. నేనే ఇంజను మొత్తం విప్పి, కడిగి, బిగించాను. మెత్తగా నడిచింది. ఉస్తాద్ తన మంచం మీంచి లేవకుండానే విని, "శభాష్ బేటా. వచ్చే నెల నించి షెడ్డు నువ్వే జూసుకో, నా కళ్ళు కనబట్టం లేదు" అన్నాడు. ఆ మాట జేబులో వేసుకుని, స్పానరు సర్దుకుని, కారు అప్పజెప్పడానికి బయలుదేరాను.

నకరికల్లు దాటిన తర్వాత ఒక గుంటలో దిగి లేచేసరికి ఠంగుమని మోగి కారు ఎడమ వైపుకి ఒరిగింది. దిగి చూస్తే ముందు చక్రం మీద కారు బరువు మోసే కమాన్ పట్టీల్ని పట్టి ఉంచే పిన్ను రెండు ముక్కలైంది. అంత లావు పిన్ను గుంటూరులో దొరకదు, బెజవాడలోనూ దొరకదు. యుద్ధం అయ్యేదాకా సామాను రాదని కంపెనీల వాళ్ళు చేతులెత్తేసిన రోజులవి. తలెత్తి చూస్తే ఎదురుగా రెండొందల గజాల్లో మా కొలిమి పొగ. ఆ కారు కావాలనే చోటు చూసి విరగ్గొట్టుకుందేమోనని ఈ రోజుకీ నా అనుమానం.

"ఏందిరా, ఇట్టా వచ్చావు?" అన్నాడు మా నాయన సుత్తి ఆపకుండానే.

"కారు ఆగింది నాయనా."

"అట్టనా. నువ్వు ఆపలేదన్నమాట, అదే ఆగింది."

ఆయన సుత్తి పక్కన పెట్టి, నాతో వచ్చి, విరిగిన ముక్కల్ని అరచేతిలో వేసుకుని బరువు చూశాడు. ఈనెపుల్లతో పొడవు కొలిచాడు. "ఇనుము మంచిదేరా. చేసినోడికి మన రోడ్లు తెలవ్వు" అన్నాడు. ఇంకాసేపు చక్రం చుట్టూ తిరిగి, "నువ్వు పోయి మీ అమ్మకి కనపడు. అన్నం తిని కాసేపు పడుకో, మొహం పీక్కపోయింది. నేను చేసి బిగించుకుంటా" అన్నాడు. నాకు కావలసిందీ అదే. కమ్మరి కొడుకు కమ్మరి పక్కన నిలబడి పనిచేస్తుంటే దారిన పోయేవాళ్ళు చూస్తారు. గోంగూర పచ్చడితో కడుపునిండా తిని పడుకుంటే మూడు గంటల దాకా మెలకువ రాలేదు. లేచి వచ్చేసరికి కారు నిటారుగా నిలబడి ఉంది. పిన్ను కనపడకుండా దాని మీద తోలు చుట్టి దారంతో కుట్టేసి ఉంది.

"ఈ తోలేంది నాయనా?"

"పాత కొలిమి తిత్తిది. దుమ్ము పడకుండా ఉంటది. నువ్వు దాన్ని కదిలిచ్చమాక" అన్నాడు. మీసాల కింద ఏదో నవ్వు కనపడింది గాని, కొడుకు వచ్చాడన్న సంతోషం అనుకున్నాను.

మైలు దూరం పోయానో లేదో మోత మొదలైంది. టక్‌టక్ అని దగ్గర దగ్గరగా రెండు, కాస్త ఎడంగా ఇంకో టక్. నున్నటి రోడ్డు మీద ఉండదు, రాళ్ళ రోడ్డెక్కి కారు ఊగితే వస్తుంది. గట్టిది కాదు గాని మానేది కూడా కాదు. దొడ్డయ్య గారు కారెక్కి ఊరి చివరిదాకా ఒకసారి తిరిగి వచ్చి, "అంతా బానే ఉందిగాని, ఈ టకటకేంది?" అన్నారు. సర్దుకుంటుందన్నాను. "దారిలో పిన్ను విరిగిందంటివి. కొత్త పిన్ను యాడిది?" అన్నారు. నా నోరు నన్నడక్కుండానే "కంపెనీదండి, బెజవాడ నుంచి తెప్పించి వెంట ఉంచుకున్నాం" అనేసింది. దాంతో నా మెడకి నేనే ఉరి బిగించుకున్నాను.

ఎందుకంటే ఆ మోత ఎక్కడిదో నాకు మొదటి రోజే అనుమానం. ముందు ఎడమ చక్రం వైపు నుంచే వస్తోంది, అక్కడ కొత్తగా చేరింది మా నాయన పిన్నొక్కటే. కానీ తోలు విప్పితే సుత్తి దెబ్బలు కనపడతాయి, అది కంపెనీ సామాను కాదని పసివాడు కూడా చెప్పగలడు. పైగా దొడ్డయ్య గారి దొడ్లో కారు చుట్టూ ఎప్పుడూ ఇరవై మంది. ఇంకో భయం కూడా ఉంది, అది నాకు నేనే ఒప్పుకోలేదు. విప్పాక మా నాయన పనే చెడిందని తేలితే ఏం చెయ్యాలి? పాతిక ఊళ్ళల్లో మా నాయన చేసిన కర్రు వంగిందని గాని, ఇరుసు విరిగిందని గాని అన్నవాడు లేడు. మొదటివాణ్ణి నేనే అవుతానా? కాబట్టి ఆ తోలు తప్ప కారంతా విప్పాను.

దొడ్డయ్య గారు గడువు కూడా పెట్టారు. "శుక్రవారం లోపల మోత ఆగాల. పెళ్ళివారి ముందు టకటకలాడతా దిగితే నా పరువేం గాను? ఆగలేదంటే కారు గుంటూరు పంపిస్తా. పేటలో మెకానిక్కులు లేరని నలుగురికీ చెప్పి మరీ పంపిస్తా" అన్నారు. ఈ మాట పేటకి నాకంటే ముందే చేరినట్టుంది, రెండో రోజున ఉస్తాద్ దగ్గర నుంచి బస్సు డ్రైవరు చేత కబురొచ్చింది. "పెళ్ళాం మాట, ఇంజను మాట నడుమలో ఆపగూడదు, పూరా వినాల. విని రమ్మను. షెడ్డు సంగతి తర్వాత" అన్నాట్ట. షెడ్డు సంగతి తర్వాత అంటే అర్థమేమిటో నాకు వివరించి చెప్పనక్కర్లేదు.

శనివారం నుంచి విన్నాను. టాపెట్లు విప్పాను, గేర్‌బాక్సు దింపాను, మడ్‌గార్డులు ఊడదీశాను. సీట్లు ఎత్తితే ఒక గోళీకాయ, చింతపిక్కలు, ప్లీడరు గారి కోటు గుండీ, అత్తరు సీసా మూత దొరికాయి. (మూత జమీందారు గారిది అయుంటుందని ఊళ్ళో వాళ్ళు నిర్ణయించి, దాన్ని ఒకరి తర్వాత ఒకరు వాసన చూశారు.) దొరికిన ప్రతి వస్తువునీ 'ఇదిగో దొంగ' అని పైకెత్తి చూపించి, కారు బిగించి నడిపితే మళ్ళీ అదే టక్‌టక్, టక్. చుట్టూ చేరినవాళ్ళు తలా ఒక మందు చెప్పారు. ఒకాయన నిమ్మకాయ కట్టమన్నాడు. ఒకాయన గేదె ఇట్లాగే పళ్ళు కొరికితే వాము పట్టించానన్నాడు. ఒకావిడ, "ఆ అబ్బాయి వచ్చిందగ్గర్నించే గదా మోత? ఆ అబ్బాయినే పంపించి చూడండి" అంది. ఆమె మాటలో సగం నిజం ఉందని నాకొక్కడికే తెలుసు.

బుధవారం నాడు నా తెలివికి పరాకాష్ఠ. కారు నడుస్తుండగా మోత వినాలంటే చెవి చక్రం దగ్గరుండాలి కదా. దొడ్డయ్య గారి డ్రైవరుకి కారిచ్చి, నేను ఎడమ వైపు ఫుట్‌బోర్డు మీద బోర్లా పడుకుని, ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని, అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాను. మలుపు దగ్గర కారు ఊగింది. కళ్ళు తెరిచేసరికి దొడ్డయ్య గారి కళ్ళంలో, ఎండబోసిన మిరపకాయల్లో ఉన్నాను. నిలువెత్తు మనిషి దొర్లుకుంటూ పోవడానికి సరిపడా మిరపకాయలు. కళ్ళూ ముక్కూ నోరూ ఒక్కసారే మండాయి. కూలీ ఆడవాళ్ళు మజ్జిగ కుండతో పరిగెత్తుకొచ్చి నా నెత్తిన పోశారు. దొడ్డయ్య గారు అరుగు మీద నుంచి తాపీగా దిగివచ్చి, "కారు మోత సంగతేమో గాని నీ మోత మాత్రం ఊరంతా వినపడిందిరా అబ్బాయ్" అన్నారు. గురువారమంతా కళ్ళకి తడిగుడ్డ వేసుకుని పడుకున్నాను. ఆ తోలు ఒక్కటీ విప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే.

శుక్రవారం రానే వచ్చింది. గుంటూరు పంపే టైము లేదు, పెళ్ళి ఆగదు. "పోనీలే, ఎట్టున్నది అట్టనే పోదాం. కానీ నీ సంగతి వచ్చాక చూస్తా" అన్నారు దొడ్డయ్య గారు. వాళ్ళ అమ్మగారికి ఎనభై ఏళ్ళుంటాయి, చూపు ఆనదు. ఆమె అంతకుముందు కారెక్కలేదు. ఎత్తి వెనక సీట్లో కూర్చోబెడితే కాళ్ళు పైకి ముడుచుకుని, అచ్చం బండిలో కూర్చున్నట్టే కూర్చున్నారు. ఆమె పక్కన దొడ్డయ్య గారు. దారిలో ఏమన్నా అయితే నేనే చూసుకోవాలని ఆయన డ్రైవరుని మానిపించారు. కళ్ళు ఎర్రగా, ఖాకీ కోటు మీద మజ్జిగ మరకలతో నేను స్టీరింగు దగ్గర. ఊరు దాటి రాళ్ళ రోడ్డెక్కాం. మోత మొదలైంది. అద్దంలో దొడ్డయ్య గారి మొహం చూడలేక ముందుకే చూస్తూ నడిపాను.

"బండాపు" అన్నారు అమ్మగారు.

ఆపాను. ఆమెకి కారు పడలేదేమో అనుకున్నాను.

"ఒరేయ్ దొడ్డయ్యా, ఈ బండి చేసిందెవురు?"

"బండి కాదమ్మా, కారు. దొరల సీమ నుంచొచ్చింది. కంపెనీ వాళ్ళు చేశారు."

"కంపెనీ లేదు, గింపెనీ లేదు. రెండు దగ్గిరగా, ఒకటి ఎడంగా. ఇది నకరికల్లు ఇవతల కమ్మరోళ్ళ మోత. నన్ను కాపరానికి పంపినప్పుడు మా నాయన ఆ కొలిమిలోనే ఇరుసు చేపిచ్చాడు. దారంతా ఏడ్చుకుంటా ఇన్నా ఈ మోతని. నాకు తెలవదా?"

ఇక్కడ ఈ కాలం వాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. మా వైపు ఎడ్లబండి మూగగా పోతే దరిద్రం కింద లెక్క. పలకాలి. ఇరుసు కొసన చక్రం జారకుండా వేసే శీల దగ్గర కమ్మరి ఇనప బిళ్ళలు వదులుగా వేస్తాడు. బండి ఊగినప్పుడల్లా అవి ఇనుముకి తగిలి పలుకుతాయి. ఎన్ని బిళ్ళలు, ఎంత మందం, ఎంత సందు అన్నది ఒక్కో కొలిమికి ఒక్కో లెక్క. మంచి కమ్మరి తన మనసుకి నచ్చిన బండికే తన పలుకు పెడతాడు, అందరికీ పెట్టడు. ఇదంతా నేను పాలు తాగే వయసు నుంచి విన్నవాణ్ణి. ఆ బిళ్ళలకి ఆకురాయి పట్టినవాణ్ణి. అయినా కారులో అది వినపడితే పోల్చుకోలేకపోయాను. బెజవాడలో నేర్చుకున్న చెవి అది, కారులో జబ్బుల్నే వెతుకుతుంది.

దొడ్డయ్య గారు నా వైపు చూశారు. "ఏరా, బెజవాడ పిన్నంటివే?" దిగాను. మోకాళ్ళ మీద కూర్చుని, వారం రోజులుగా తాకని ఆ తోలు కుట్టు విప్పాను. కంపెనీ పిన్ను కంటే అంగుళం పొడవుగా ఉంది మా నాయన పిన్ను. అరిగిన గుర్తు లేదు, కదిలిన గుర్తు లేదు. ఆ అంగుళం మీద మూడు బిళ్ళలు. అంచులు రూపాయి బిళ్ళలా గుండ్రంగా తీసి, నూనెలో ముంచి నల్లగా మెరిపించి ఉన్నాయి. ఇంజను మొత్తంలో నేను చేసిన ఏ పనీ అంత అందంగా లేదు. లేచి నిలబడి, "మా నాయన చేశాడండీ. ఆ కొలిమి మాది. నేను కమ్మరి కొడుకుని" అన్నాను. ఇంత చిన్న మాట అనడానికి నేను వారం రోజులు ఒక కారుని చీరేశాను.

దొడ్డయ్య గారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "ఒరేయ్ నీ తెలివి తెల్లారినట్టే ఉంది. మీ నాయన పెట్టిన పలుకు కోసమా నువ్వు నా మిరపకాయల్లో దొర్లింది?" నవ్వు ఆగాక, తీసెయ్యి మరి, టైమవుతోందన్నారు. నేను వంగాను. వెనక సీట్లోంచి అమ్మగారు, "దాన్ని ముట్టుకున్నావంటే నేను దిగి నడుస్తా" అన్నారు. అంతే, తోలు మళ్ళీ కుట్టాను.

గురజాల పందిరి దగ్గర కారు ఆగకముందే లోపల నుంచి ముసలమ్మ చెల్లెలు "అక్కయ్యొచ్చింది, మన పుట్టింటి బండి మోత" అని గోడ పట్టుకుని బయటికి వచ్చేసింది. అక్కచెల్లెళ్ళిద్దరూ కారు మడ్‌గార్డు మీద చేతులు వేసి ఏడుస్తూ నవ్వుతూ ఉంటే, పెళ్ళికొడుకుని పట్టించుకునేవాళ్ళు లేకపోయారు. దొడ్డయ్య గారు పరువు పోతుందనుకున్న చోటే మీసం మెలేశారు. సాయంత్రానికల్లా పెళ్ళికొచ్చిన ఇద్దరు కార్ల ఆసాములు నన్ను పక్కకి పిలిచి, తమ కార్లకి కూడా అట్లా పలుకు పెట్టించగలనా అని అడిగారు. మోతలు తీసే మెకానిక్కుని మోతలు పెట్టమంటున్నారు. "నా వల్ల కాదండి, మా నాయన్ని అడగాలి. ఆయనకి నచ్చితేనే పెడతాడు" అన్నాను. మా నాయన అనే మాట ఆ రోజు ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు, అవసరం ఉన్నచోటా అన్నాను, లేనిచోటా అన్నాను.

మర్నాడు వాళ్ళని ఊళ్ళో దింపి, కారుని పేటకి తీసుకుపోయాను. వారంలో నేను విప్పి సరిగ్గా బిగించని బోల్టులు నిజంగానే మోగడం మొదలుపెట్టాయి, వాటి సంగతి చూడాలి. మా పల్లె మలుపు తిరిగేసరికి మా నాయన అప్పటికే రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు, చేతిలో పట్టకారు. కారు ఆపి దిగాను.

"ఎందుకు వేశావు నాయనా ఆ బిళ్ళలు? నా ప్రాణం తీసినయ్" అన్నాను.

ఆయన కారు వైపు చూశాడు గాని నా వైపు చూడలేదు. "ఏ కారు పోయినా నువ్వేనేమోనని పని వదిలి రోడ్డు మీదకి ఉరుకుతన్నా. వచ్చేలోపు నువ్వు దాటిపోతన్నావ్. కాకపోతే ఎవురో పోతన్నారు. తిరిగి పోయేతలికి ఇనుము చల్లారిపోతంది, మళ్ళీ కాల్చాల. ఈ కారన్నా పలికిందనుకో, దూరాన్నించే నువ్వని తెలిసిద్ది. ముందుగాల వచ్చి నిలబడొచ్చు. నువ్వు ఆగాలని గాదులే, పోతా ఉంటే చూద్దామని."

దానికి నేను చెప్పిన జవాబు ఇదీ. "కమాన్ పిన్నుకి వదులు బిళ్ళలు వెయ్యకూడదు నాయనా" అన్నాను. ఆయన "అట్టనా" అన్నాడు. మరుక్షణమే నాకు ఏడుపొచ్చింది, మిరపకాయల మంట ఇంకా తగ్గలేదని చెప్పాను. ఆయన నమ్మినట్టే తల ఊపి, పట్టకారు చంక కింద పెట్టుకుని, తన పైపంచె కొసతో నా మొహం తుడిచాడు.

నెల తిరక్కుండా ఉస్తాద్ షెడ్డు నాకప్పజెప్పాడు. ఆ దారిన పోయిన ప్రతిసారీ ఆగాను, కారు మోగినా మోగకపోయినా ఆగాను. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఎన్ని కార్లు బాగుచేశానో నాకే తెలియదు, చాలా గొప్ప మెకానిక్కునని పేరు కూడా వచ్చింది, అది నేను కాదనను. కానీ కొలిమి ముందు వేగం పెంచుకుని పోయిన ఆ ఖాకీ కోటు కుర్రవాడు గుర్తొస్తే మాత్రం, వాణ్ణి పట్టుకుని నెత్తిన రెండు మొట్టాలనిపిస్తుంది. అంతలోనే, పాపం, ఒళ్ళంతా కారంతో మజ్జిగ కారుతూ నిలబడ్డ వాడి మొహం గుర్తొచ్చి నవ్వొస్తుంది. మొట్టకుండా వదిలేస్తాను. మా నాయన కూడా మొట్టలేదు కదా.